తప్పిపోయిన పాప గొంతు

బడిలో చేరిన మొదటి రోజు ఆమె హాజరు పలకగానే టీచరమ్మ తలెత్తి కిటికీవైపు చూసిందట, గదిలోకి పిచ్చుకేదైనా వచ్చిందేమోనని. పిల్లలంతా గొల్లున నవ్వారు. ఆ పూట నుంచి ఆమెకు పిచ్చుక అన్న పేరు అంటుకుపోయింది.

తోటి పిల్లల గొంతులు వయసుతోపాటు మారాయి. కొన్ని ముదిరాయి, కొన్ని బొంగురుపోయాయి. పిచ్చుక గొంతు మాత్రం ఆరేళ్ల దగ్గరే కూర్చుండిపోయింది. మనిషి ఏపుగా పెరిగింది, చదువు పూర్తయింది, కళ్లద్దాలొచ్చాయి, ఉద్యోగం కూడా వచ్చింది. నోరు విప్పితే చాలు, ఎదుటివాళ్లు ఆమె పక్కన చిన్నపిల్ల ఎవరైనా ఉందేమోనని వంగి వెతికేవాళ్లు.

ఉద్యోగం కళ్లద్దాల దుకాణంలో. ఫోను మోగితే ఆమే తీయాలి. "పాపా, ఫోను పెద్దవాళ్లకివ్వమ్మా" అనేవాళ్లు అవతల. మొదట్లో ఉడుక్కునేది. గొంతు బరువు చేసి మాట్లాడదామని చూస్తే, అదే పాపకు జలుబు చేసినట్టు వినిపించేది. తర్వాత తర్వాత విసిగిపోయి, "ఇస్తున్నానండీ" అని రిసీవరు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని, "ఇప్పుడు చెప్పండి" అనడం అలవాటు చేసుకుంది.

ఒకరోజు ఆ ఫోను పాడైంది. టెలిఫోను లైన్‌మన్ వీధి చివర స్తంభమెక్కి, వైరు సరిచేసి, అక్కడి నుంచే దుకాణానికి ఫోను చేశాడు.

"పాపా, లైను పరీక్షిస్తున్నా. నేను ఆపమనేదాకా అంకెలు చెబుతావా? వచ్చా నీకు?"

"వచ్చండి. ఎక్కాలు కూడా వచ్చు. ఏది చెప్పమంటారు?"

"అబ్బో. పంతొమ్మిదో ఎక్కం చెప్పు చూద్దాం."

పిచ్చుక తడుముకోకుండా చివరిదాకా అప్పజెప్పింది. లైన్‌మన్ దిగివచ్చి, అంత తెలివైన పిల్లకు ఏదైనా ఇవ్వాలనిపించి, దారిలో ఒక చాక్లెట్టు కొన్నాడు. దుకాణంలో అడుగుపెట్టి "ఎక్కం చెప్పిన పాప ఏదండీ?" అన్నాడు. కౌంటరు వెనక నుంచి కళ్లద్దాల అమ్మాయి "నేనేనండీ" అంది. అతను ఆమెను కిందినుంచి పైదాకా చూసి, చాక్లెట్టు మాత్రం ఆమె చేతిలోనే పెట్టి వెళ్లాడు. ఆ తర్వాత ఆ దుకాణం ఫోను ఏ లోపమూ లేకుండానే చాలాసార్లు పరీక్షకు వచ్చింది. మరుసటి ఏడు ఇద్దరికీ పెళ్లయింది.

ఆమె డబ్బింగులోకి రావడం కూడా ఇలాగే, ఒకరి గొంతు విని ఇంకొకరనుకోవడం వల్లే జరిగింది. పక్కింటి వాళ్ల పాపకు సబ్బు ప్రకటనలో రెండు ముక్కలు చెప్పే అవకాశం వచ్చింది. తల్లికి తీరిక లేక పిచ్చుకను తోడు పంపింది. మైకు ముందు నిలబెట్టేసరికి ఆ పిల్ల నోరు కుట్టేసినట్టయింది. బతిమాలారు, బుజ్జగించారు. చివరికి పిచ్చుక మోకాళ్ల మీద కూర్చుని, "ఇదిగో, ఇలా అనాలి" అని ఆ రెండు ముక్కలూ చెప్పి చూపించింది. అద్దానికి అవతల రికార్డింగు చేస్తున్న ఆయన తల వంచుకుని మీటల వైపే చూస్తున్నాడు. "శభాష్ పాపా, అయిపోయింది, ఇక ఇంటికెళ్లు" అన్నాడు.

ఆయన్ని స్టూడియోలో అందరూ చెవుల మాస్టారంటారు. భోజనం చేసేటప్పుడు కూడా మెడలోంచి హెడ్‌ఫోన్లు తీయడు. జరిగింది తెలిశాక పిచ్చుకను ఆయన మళ్లీ వదిలిపెట్టలేదు.

అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆమె ఎందరు పిల్లలకు గొంతిచ్చిందో ఆమెకే లెక్క తెలియదు. అల్లరి కుర్రాళ్లు, అలిగిన ఆడపిల్లలు, బొమ్మల సినిమాల్లో కుందేళ్లు, ఉయ్యాల్లో పాపాయిలు. స్టూడియోలో ఆమె కోసం ఒక పొట్టి పీట ఉంటుంది. పిల్లలు ఎప్పుడూ తలెత్తి పెద్దవాళ్లతో మాట్లాడతారు కాబట్టి, తను పీట మీద కూర్చుని మైకును పైకి పెట్టించుకుంటుంది. గడ్డం లేస్తే గొంతు దానంతటదే పసిదవుతుంది. పరిగెత్తుతూ మాట్లాడాలంటే అరచేత్తో గుండెమీద తట్టుకుంటూ చెబుతుంది. ఏదైనా తింటూ మాట్లాడాలంటే తన మణికట్టే కొరుక్కుంటుంది. పన్నూడిన పిల్ల అయితే నాలుకను పళ్ల మధ్యకు తోస్తుంది. గరగరలాడే చీర కట్టదు, చేతికి గడియారం పెట్టదు.

అన్నిటికంటే ఎక్కువగా ఆమెకు దక్కినవి ఏడుపులు. తెరమీద తప్పిపోయిన పిల్లల్లో చాలామంది ఆమె గొంతుతోనే తప్పిపోయారు.

"ఇన్నిసార్లు తప్పిపోయావు, ఒక్కసారైనా వెతికే పని నాకివ్వలేదు" అంటాడు లైన్‌మన్.

"మీరు స్తంభం దిగి వచ్చేలోపు పోలీసులు వెతికేస్తారు" అంటుంది ఆమె.

యాభై దాటిన తర్వాత ఆమె చేతికి ఒక నేరపరిశోధన సినిమా వచ్చింది. కథ చిన్నదే. ఆరేళ్ల పాప బడి వదిలాక ఇంటికి రాదు. ఒక మహిళా ఇన్‌స్పెక్టరు వెతకడం మొదలుపెడుతుంది. సినిమా అంతా ఆ వెతుకులాటే. పాప మనకు మొదట్లో కాసేపు, చివర్లో కాసేపు కనబడుతుంది. మధ్యలో వినబడేది తల్లి ఫోనులో మిగిలిన ఆ పాప మాటలే.

దర్శకురాలు ముప్ఫై కూడా నిండని అమ్మాయి, ఇది ఆమె మొదటి సినిమా. పిచ్చుకను కూర్చోబెట్టి, ఎందుకు పిలిపించిందో దాపరికం లేకుండా చెప్పింది.

"పాప వేషం వేసిన పిల్లకు ముందు పళ్లు రెండూ ఊడాయక్కా. సెట్లో అందరం బోసి అని పిలుస్తాం. దాన్ని భయపెట్టి ఏడిపించి తీయడం నాకు ఇష్టంలేదు. సినిమాలో తప్పిపోయిన పిల్ల ఉండాలిగానీ, నా సెట్లో భయపడ్డ పిల్ల ఉండకూడదనుకున్నా. అందుకని అంతా దాగుడుమూతల ఆటలా తీశాం. బొమ్మ బాగా వచ్చింది. శబ్దమే చిక్కు. మీరే వినండి."

చెవుల మాస్టారు మీట నొక్కాడు. తెరమీద పాడుబడ్డ గోడౌన్, తుప్పుపట్టిన షట్టర్లు, టార్చి పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తున్న ఇన్‌స్పెక్టరు. చూస్తుంటే ఒళ్లు జలదరించేలా ఉంది. షట్టరు వెనక నుంచి బోసి కిచకిచమని నవ్వు ఆపుకోలేక నవ్వుతోంది. "నేనిక్కడ లేను" అని కూడా అంటోంది.

పిచ్చుక పడీపడీ నవ్వింది. "దీని మీద నా ఏడుపు పెట్టడానికి మనసొప్పడం లేదమ్మా" అంది.

ఫోనులో మిగిలిన మాటలు ఒక పూటలో అయిపోయాయి. మధ్యాహ్నం టీలు తాగాక గోడౌన్ సన్నివేశం పెట్టుకున్నారు. షట్టరు వెనక ఉన్న పాపకు బయట అడుగుల చప్పుడు వినిపిస్తుంది. 'అమ్మా' అని పిలవాలి. ఇన్‌స్పెక్టరు అటు తిరగాలి.

పిచ్చుక పీటమీద కూర్చుని, కళ్లు మూసుకుని, "అమ్మా" అని ఏడ్చింది. ఎన్నో ఏళ్లుగా జనం చేత కళ్లు తుడిపించిన ఏడుపు అది. చెవుల మాస్టారు అలవాటు ప్రకారం జేబురుమాలు తీశాడు. దర్శకురాలు మాత్రం జుట్టు ముడి విప్పి మళ్లీ వేసుకుంది.

"బాగుందక్కా. చాలా బాగుంది. కానీ..."

"కానీ ఏమిటో చెప్పమ్మా. నేనేమీ అనుకోను."

"ఆ పాప ఆశ వదిలేసుకున్నట్టుంది. బయట ఎవరూ లేకపోయినా అలాగే ఏడుస్తుందనిపిస్తోంది. ఎవరో వస్తున్నారని విన్న పిల్ల ఎలా పిలుస్తుందక్కా?"

పిచ్చుక మళ్లీ చేసింది. సన్నగా చేసింది, గట్టిగా చేసింది, వెక్కుతూ చేసింది. ప్రతిసారీ దర్శకురాలు మొహమాటంగా తల ఊపడం, ఆ ఊపులోనే అది కాదని తెలిసిపోవడం. చివరికి గొంతు ఎండిపోయింది. "రేపు చూద్దాంలే అక్కా, ఇవాళ్టికి విశ్రాంతి తీసుకోండి" అంది ఆ అమ్మాయి.

పిచ్చుక ఇంటికొచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. వరండాలో పిన్ని టేబుల్ ఫ్యాను రెక్కలు ఊడదీసి సబ్బునీళ్లతో కడుగుతోంది. పిచ్చుక కన్నతల్లి పసితనంలోనే పోయింది. తర్వాత తండ్రి చేసుకున్న మనిషి ఈ పిన్ని. అరవై దాటినా ఒక్క క్షణం చేతులు ఊరికే ఉంచదు.

"ఏమిటి మొహం అలా వేలాడేశావు? గొంతు పోయిందా?"

"గొంతుందిలే. పిలుపే రావడం లేదు." జరిగిందంతా చెప్పింది. చెప్పి, మెట్టుమీద కూలబడి, "పిన్నీ, చిన్నప్పుడు నేను బజార్లో తప్పిపోయాను కదా, అప్పుడు నిన్నెలా పిలిచాను?" అని అడిగింది.

పిన్ని చేతిలో రెక్క పక్కన పెట్టింది. "నీకు గుర్తులేదూ?"

"ఏడుస్తూ బెంచీ కింద కూర్చోవడం గుర్తుంది. అంతే."

"ఏడ్చిందట" అని పిన్ని పెదవి విరిచింది.

పిన్ని ఆ ఇంటికి కొత్తగా వచ్చిన రోజులవి. ఆమెకు పందొమ్మిదేళ్లు, పిల్లకు ఎనిమిది. తండ్రి లారీ డ్రైవరు కావడంతో ఎక్కువగా ఇంట్లో ఇద్దరే ఉండేవాళ్లు. ఒకరినొకరు ఏమని పిలవాలో ఇద్దరికీ తెలియదు. అమ్మా అనడానికి పిల్లకు నోరు రాలేదు, అనమనడానికి ఈమెకు ధైర్యం రాలేదు. "నీళ్లు కాగాయి" అని ఈమె గోడతో చెప్పేది. "బడికెళ్తున్నా" అని ఆ పిల్ల తలుపుతో చెప్పేది. అలా ఉండగా బడి బట్టలకు గుడ్డ కొందామని ఇద్దరూ పెద్దబజారుకు వెళ్లారు. జనంలో చెయ్యి జారిపోయింది.

"నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు" అంది పిన్ని. "కొట్టు కొట్టుకూ ఎక్కి అడిగాను. ఇంత ఎత్తుంటుంది, నీలం గౌను, ఎడమ చెప్పుకు బకిలు లేదు, మాట్లాడితే పిచ్చుక గొంతు అని. గుడ్డల కొట్టాయన నన్ను ఎగాదిగా చూసి, నీకేమవుతుందమ్మా అన్నాడు. మా అమ్మాయి అన్నాను. నువ్వే ఇంత ఉన్నావు, నీకంత కూతురేమిటి అన్నాడు. ఉంది, ఏం, ఉండకూడదా అని అరిచాను. నేనెప్పుడూ ఎవరిమీదా అరిచింది లేదు అప్పటిదాకా. ఆయన హడలిపోయి, బెంచీమీద తానులన్నీ జరిపి వెతకడం మొదలుపెట్టాడు. పైన జరుపుతాడేగానీ కింద చూడడు. నేను తిరిగి రోడ్డుమీదికి దిగాను. అప్పుడు వినబడింది."

"అమ్మా అన్నానా?"

"ఓయ్ అన్నావు."

"ఏమన్నానూ?"

"ఓయ్. బండివాణ్ణి ఆపినట్టు. ఓయ్, ఎంతసేపు వెతుకుతావు, ఇక్కడే కదా ఉన్నా అని బెంచీ కింద నుంచి తల బయటపెట్టి నన్ను తిట్టావు. కళ్లు ఎర్రగా చేసుకుని. కోపంతో ఎర్రగా, ఏడుపుతో కాదు. ఏడ్చింది నేను, నడిబజార్లో."

పిచ్చుక నోరు తెరుచుకుని వింటోంది. "మరి నేను ఏడ్చినట్టు గుర్తుందే."

"ఇంటికొచ్చాక ఏడ్చావు, చెప్పు పోయిందని. అన్నం తింటూ కూడా ఏడ్చావు. ఇద్దరం కలిసే కొత్త చెప్పులు కొన్నాం మర్నాడు. ఆ కొట్లోనే మొదటిసారి పిన్నీ అన్నావు, ఎర్రవి కావాలని."

పిచ్చుకకు నవ్వొచ్చింది. "అయితే నేను కోప్పడ్డానన్నమాట."

"కోప్పడవూ మరి? నేను వస్తానని కూర్చున్నావు. ఆలస్యం చేశాను. రాని మనిషి మీద అయితే కోపం దేనికి?" అని పిన్ని మళ్లీ ఫ్యాను రెక్క అందుకుంది. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు, "రేపు నేనూ వస్తా. నువ్వా డబ్బాలో కూర్చుని ఏం చేస్తావో ఇన్నేళ్లలో ఒక్కసారీ చూడలేదు" అంది.

మర్నాడు స్టూడియోలో పిన్నిని అద్దానికి అవతల చెవుల మాస్టారు పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. అక్కడున్న మీటలూ దీపాలూ చూసి ఆమె మురిసిపోయింది. పిచ్చుక దర్శకురాలిని పక్కకు పిలిచి, "అమ్మా బదులు ఇంకో మాట అననా? పాప షట్టరు వెనక ఉంది కదా, పెదాలు కనబడవు" అంది.

"ఏ మాట?"

"చెబితే నవ్వుతావు. వినిపిస్తాను."

దర్శకురాలు సరేనంది. దీపం ఎర్రబడింది. తెరమీద ఇన్‌స్పెక్టరు గోడౌన్‌లోకి అడుగుపెట్టింది. నీళ్ల మడుగులు, ఎలుకల గీకుడు, ఒక షట్టరు, ఇంకో షట్టరు. ఇన్‌స్పెక్టరు నిలబడి, ఏమీ లేదనుకుని వెనక్కి తిరగబోయింది.

"ఓయ్" అంది పిచ్చుక.

వెళ్లిపోతున్న కాళ్లను చూసి అన్న మాట అది. అందులో భయం అడుగున ఎక్కడో ఉంది. దానిమీద, ఇంతసేపా అన్న ఉక్రోషం ఉంది. "ఎంతసేపు వెతుకుతారు? ఇక్కడే కదా ఉన్నా" అని రెండో ముక్క కూడా వచ్చేసింది.

సరిగ్గా అప్పుడే పిన్ని కుర్చీలోంచి ముందుకు వంగింది. అద్దం అవతలి వాళ్లు లోపలున్న మనిషితో మాట్లాడడానికి ఒక మీట ఉంటుంది. ఆమె మోచెయ్యి వెళ్లి దానిమీద పడింది. "ఆఁ, వస్తున్నా, వస్తున్నా" అని ఆమె అన్నది నేరుగా పిచ్చుక చెవుల్లో పడింది.

పిచ్చుక ఉలిక్కిపడలేదు. ఎనిమిదేళ్ల పిల్లలాగే, "తొందరగా రా మరి" అంది. అని, ఆ తర్వాత ఏడ్చింది. ముప్ఫై ఏళ్ల డబ్బింగులో ఆమె అలా ఎన్నడూ ఏడవలేదు. బరువు దింపుకున్నవాళ్లు హమ్మయ్య అన్నట్టుంది ఆ ఏడుపు.

చెవుల మాస్టారు చెయ్యి రికార్డింగు మీటమీద అలాగే ఉండిపోయింది. దర్శకురాలు మొదట నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. లోపలికి వచ్చి, పీట పక్కన నేలమీద చతికిలబడి, "అక్కా, ఇదే. ఇక ముట్టుకోను దీన్ని" అంది.

"నేను పాడుచేశానా బాబూ?" అని అవతల పిన్ని చెవుల మాస్టారును కంగారుగా అడుగుతోంది. "ఈ మీట నొక్కకూడదా? దానిమీద రాసైనా పెట్టలేదే."

"మీరు నొక్కారు కాబట్టే అయిందమ్మా" అన్నాడాయన. అని, మొదటిసారిగా హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టి, ఆమెకు టీ చెప్పాడు.

సినిమా విడుదలైన రోజు పొద్దున ఆటకు అందరినీ పిలిచారు. హాలు వసారాలో బోసి కొత్త గౌను వేసుకుని అటూ ఇటూ పరిగెడుతోంది. ఊడిన పళ్ల స్థానంలో రెండు కొత్త పళ్లు సగం వచ్చాయి. పిచ్చుక గొంతు వినగానే టక్కున ఆగి, నడుంమీద చేతులు పెట్టుకుంది.

"నా గొంతు నీ దగ్గరుందట?"

"ఉందమ్మా. ఇచ్చేయనా?"

బోసి కాసేపు ఆలోచించింది. "వద్దులే, ఉంచుకో. నా దగ్గర ఇంకోటుంది" అని పరిగెత్తింది. కొంచెం దూరం పోయి తిరిగొచ్చి, "పాడుచేయకు" అని చెప్పి మళ్లీ వెళ్లిపోయింది.

లోపల దీపాలారాయి. పిచ్చుకకు ఒక పక్క పిన్ని, ఇంకో పక్క లైన్‌మన్. సినిమా నడుస్తున్నకొద్దీ హాలు బిగుసుకుపోయింది. ఎక్కడా దగ్గు కూడా వినబడలేదు. తల్లి ఫోనులో పాప మాటలు వినే చోట ముందు వరసలో ఎవరో ముక్కు చీదారు. కథ తెలిసిన లైన్‌మన్ కూడా కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. గోడౌన్ వచ్చింది. ఇన్‌స్పెక్టరు వెనక్కి తిరగబోయింది. ఓయ్ అని వినబడింది.

ముందు ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత హాలు మొత్తం ఒక్కసారిగా ఊపిరి వదిలింది. ఆ ఊపిరి నవ్వయింది. నవ్వులోంచి చప్పట్లు పుట్టాయి. "తొందరగా రా మరి" అన్న మాటకు ఎక్కడో ఒక ముసలాయన "వస్తోంది తల్లీ, వస్తోంది" అని పైకే అనేశాడు. లైన్‌మన్ భార్య చెయ్యి తీసుకుని, ఆ వేళ్లు తన చేతిలోనే ఉంచుకున్నాడు. చివర్లో పేర్లు పడేటప్పుడు సగం మంది లేచి నిలబడి ఉన్నారు. ఆ తలల సందుల్లోంచి పిచ్చుక తన పేరు సగమే చదువుకోగలిగింది. ఆ సగానికే ఆమె మొహం వెలిగిపోయింది.

బయటికొచ్చాక పిన్ని కాలు కదపనంది.

"ఏమైంది?" అంది పిచ్చుక.

"అసలు చోటు నేను చూడలేదు. పాప పిలిచేసరికి ముందున్న ఆయన లేచి నిలబడ్డాడు, పొడుగు మనిషి. వినడం విన్నాననుకో. చూడాలి కదా."

"రేపు చూద్దాంలే అత్తయ్యా, ఆకలేస్తోంది" అన్నాడు లైన్‌మన్.

"ఆకలైతే బన్ను కొనుక్కో. నేను ఇప్పుడే చూస్తా."

అలా ముగ్గురూ బన్నులు కొనుక్కుని, మధ్యాహ్నం ఆటకు మళ్లీ లోపలికి వెళ్లారు. ఈసారి పిన్నికి ముందు వరసలో చోటు దొరికింది. ఆమె పక్కన ఒక నడివయసు ఆవిడ కూర్చుంది. సినిమా మొదలై, పాప ఇంటికి రాలేదని తెలిసిందో లేదో, ఆవిడ చీర చెంగు నోట్లో కుక్కుకుని వణికిపోతోంది. పిన్ని చూసింది, చూసింది, ఇక ఉండబట్టలేకపోయింది.

"కంగారుపడకండి" అంది ఆమె వైపు వంగి, చుట్టుపక్కల నాలుగు వరసలకూ వినబడేలా. "పాప దొరుకుతుంది. గోడౌన్‌లో ఉంది. మీరు హాయిగా చూడండి."